జాబితా నుంచి డ్రాప్‌డౌన్: జిల్లా, మండలం ఫారం మొదటి నుంచి చివరిదాకా

2021 ఆగస్టులో తెలంగాణలో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ పేరు వరంగల్ అయింది. అప్పట్లో నేను ఒక స్కాలర్‌షిప్ ఫారం పని చూస్తున్నాను. జిల్లాల జాబితాలోంచి పాత పేర్లు రెండూ తీసేసి, కొత్తవి రెండూ పెట్టాను. ఐదు నిమిషాల్లో అయిపోయింది. కొన్నాళ్లకి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, మాది హనుమకొండ. నా అప్లికేషన్‌లో ఆదిలాబాద్ అని వస్తోంది. నేను ఫోన్ నంబర్ ఒక్కటే మార్చిన."

అతను చెప్పింది నిజమే. డేటాబేస్‌లో అతని జిల్లా "వరంగల్ అర్బన్" అని పేరుతోనే సేవ్ అయి ఉంది. ఎడిట్ పేజీ తెరిచేసరికి ఆ పేరు కొత్త జాబితాలో లేదు. ఏ ఆప్షన్‌నీ ఎంపిక చేసి పంపకపోతే బ్రౌజర్ తనే మొదటి ఆప్షన్‌ని ఎంచుకుని చూపిస్తుంది. అక్షర క్రమంలో మొదటిది ఆదిలాబాద్. అతను కిందకి వచ్చి ఫోన్ నంబర్ మార్చి సేవ్ నొక్కాడు, నంబర్‌తో పాటు జిల్లా కూడా మారిపోయింది. ఎక్కడా ఎర్రర్ రాలేదు. లాగ్‌లో చూస్తే ఒక్క ముక్క లేదు. మార్పు తర్వాత ఎడిట్ పేజీలో సేవ్ నొక్కిన పాత వరంగల్ అర్బన్, రూరల్ పిల్లలందరికీ ఇదే జరిగింది.

లూప్ తిప్పి ఆప్షన్లు రాయడం ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది. దాని చుట్టూ ఉన్న సంగతులే నాకు నేర్చుకోవడానికి ఏళ్లు పట్టాయి: జాబితా ఎక్కడ ఉండాలి, సేవ్ చేసేది పేరా నంబరా, సేవ్ అయినది జాబితాలో లేకపోతే ఏం చెయ్యాలి. అందుకే ఇక్కడ తెలంగాణ జిల్లా, మండలం ఫారాన్నే ఉదాహరణగా తీసుకుని మొత్తం కడదాం. సర్వర్ వైపు పీహెచ్‌పీ, బ్రౌజర్ వైపు జావాస్క్రిప్ట్ అనుకుందాం. జాంగో (పైథాన్‌లో సర్వర్ వైపు రాసేది), రియాక్ట్ (జావాస్క్రిప్ట్‌తో పేజీలు కట్టేది) వాడేవాళ్లకి తేడా వచ్చే చోట్ల చెప్తాను.

1. ముందు జాబితాకి ఒక ఇల్లు చూడండి

చాలా ప్రాజెక్టుల్లో జిల్లాల పేర్లు రిజిస్ట్రేషన్ పేజీలో ఒకసారి, ఎడిట్ పేజీలో ఒకసారి, అడ్మిన్ ఫిల్టర్‌లో ఒకసారి చేత్తో రాసి ఉంటాయి. రిపోర్టులో ఇంకోసారి. అవి మారనంతకాలం ఎవరికీ నొప్పి తెలియదు. తెలంగాణ 2014లో 10 జిల్లాలతో మొదలైంది. 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ప్రతిసారీ నాలుగు చోట్ల మార్చాలి, అందులో ఒక చోటు తప్పకుండా మర్చిపోతాం.

నేను పాటించే లెక్క ఇది. రక్తం గ్రూపుల్లాంటివి ఎనిమిదే, ఎప్పటికీ మారవు. వాటిని కోడ్‌లోనే ఒక ఫైల్‌లో పెట్టి అన్ని పేజీలూ అక్కడి నుంచే తీసుకునేలా చేస్తే చాలు. ప్రభుత్వం జీవో ఇస్తే మారేవి, ఆఫీసు వాళ్లు ఎప్పుడైనా చేర్చమని అడిగేవి మాత్రం డేటాబేస్ టేబుల్‌లో ఉండాలి. అప్పుడు ఒక జిల్లా చేర్చడానికి మళ్లీ కోడ్ డిప్లాయ్ చెయ్యాల్సిన పని ఉండదు.

జిల్లాల టేబుల్‌లో కనీసం ఈ కాలమ్‌లు పెట్టండి: ఐడీ, తెలుగు పేరు, ఇంగ్లిష్ పేరు, క్రమం, వాడుకలో ఉందా లేదా. మండలాల టేబుల్‌లో ఇవే కాక జిల్లా ఐడీ కూడా. ప్రభుత్వ డేటాతో సరిచూసుకునే అవసరం ఉంటే, కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకీ ఒక కోడ్ ఉంటుంది, దాన్ని ఇంకో కాలమ్‌లో పెట్టుకోండి. దాన్నే ఐడీగా మాత్రం వాడకండి. బయటివాళ్ల కోడ్ బయటివాళ్ల చేతిలో ఉంటుంది. తెలంగాణ బండ్ల నంబర్ ప్లేట్ మీద టీఎస్ అని ఉండేది 2024 మార్చిలో టీజీ అయింది కదా. రాష్ట్రానికి గుర్తుగా టీఎస్ అని సేవ్ చేసుకున్నవాళ్లు కూడా ఆరోజు కూర్చుని మార్చుకోవాల్సి వచ్చేది. మీ టేబుల్ ఐడీకి ఏ అర్థమూ లేకపోవడమే దాని బలం. 17 అంటే ఒట్టి 17. దాని పక్కనున్న పేరు ఎన్నిసార్లు మారినా 17 మారదు.

2. జాబితాని కడగండి

ఈ అడుగుని అందరూ దాటేస్తారు. జిల్లాల పేర్లు ఏదో వెబ్ పేజీ నుంచో ఎక్సెల్ షీట్ నుంచో కాపీ చేసి తెస్తాం. వాటితో పాటు కంటికి కనపడనివి కూడా వస్తాయి.

తెలుగులో ఎక్కువగా తగిలేది ఒకటుంది, దగ్గరగా చూద్దాం. "నిజామాబాద్‌లో" అని టైప్ చేసేటప్పుడు పొల్లు దకారానికి ల వత్తు కాకుండా ఉండడానికి, రెండింటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని అక్షరం పెడతారు. దాని యూనికోడ్ నంబర్ 200సి. ఆ వాక్యంలోంచి "నిజామాబాద్" వరకే సెలెక్ట్ చేసి కాపీ చేస్తే, చివర ఆ కనపడని అక్షరం కూడా వచ్చేయవచ్చు. ఇప్పుడు మీ జాబితాలో ఉన్న నిజామాబాద్, ఎక్సెల్ నుంచి వచ్చిన నిజామాబాద్ చూడటానికి అచ్చం ఒకటే. కంప్యూటర్‌ని అడిగితే వేరువేరు అంటుంది. ట్రిమ్ చేస్తే పోతుందనుకుంటాం, పోదు. జావాస్క్రిప్ట్ ట్రిమ్ దాన్ని ఖాళీగా లెక్కపెట్టదు. పీహెచ్‌పీ ట్రిమ్ అయితే మామూలు స్పేస్, ట్యాబ్, కొత్త లైన్ లాంటి కొద్దింటినే తీస్తుంది, వెబ్ పేజీల్లో ఉండే నాన్ బ్రేకింగ్ స్పేస్‌ని కూడా వదిలేస్తుంది. అందుకే పేరు మొదట్లో, చివర్లో ఉన్న ఈ అక్షరాలని పేరుపేరునా తీసేసే చిన్న ఫంక్షన్ ఒకటి రాసి పెట్టుకోండి. పేరు మధ్యలో ఉన్నదాన్ని ముట్టుకోకండి. "మల్కాజ్‌గిరి" అని రాసినప్పుడు అది అక్కడ ఉండాల్సిందే.

అనుమానం వస్తే పొడవు చూడండి. "నిజామాబాద్" అన్న మాట పొడవు జావాస్క్రిప్ట్‌లో 10 రావాలి: న, గుడి, జ, దీర్ఘం, మ, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు. 11 వచ్చిందంటే ఎవరో దాక్కుని ఉన్నట్టే.

ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా తీసుకుంటే ఇంకో రెండు చూసుకోవాలి. ఫైల్ మొదట్లో బీవోఎం అనే కనపడని గుర్తు చేరి మొదటి కాలమ్ పేరు దొరక్కుండా పోతుంది. సున్నాతో మొదలయ్యే కోడ్‌లు, 05 లాంటివి, 5 అయిపోతాయి. కోడ్‌ల కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి. టేబుల్‌లోకి ఎక్కించాక పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా కనపడితే కంగారు పడొద్దు, డేటాబేస్ కనెక్షన్ క్యారెక్టర్ సెట్ (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) సరిగా పెట్టలేదని అర్థం. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్‌కీ కనెక్షన్‌కీ రెండింటికీ యూటీఎఫ్8ఎంబీ4 పెట్టి మళ్లీ ఎక్కించండి. ప్రశ్నార్థకాలుగా సేవ్ అయినవి వెనక్కి రావు.

3. లూప్

ఏ భాషలో రాసినా ఆకారం ఇదే:

జిల్లాలు = టేబుల్ నుంచి వాడుకలో ఉన్నవి, క్రమం ప్రకారం
ఖాళీ వాల్యూతో "జిల్లా ఎంచుకోండి" అనే ఆప్షన్ రాయి
ఒక్కో జిల్లాకి:
— వాల్యూ = జిల్లా ఐడీ, ఎస్కేప్ చేసి
— ఈ ఐడీ, సేవ్ అయిన ఐడీ ఒకటే అయితే సెలెక్టెడ్ అని చేర్చు
— కనపడే మాట = జిల్లా పేరు, ఎస్కేప్ చేసి

పీహెచ్‌పీలో ఇది ఫర్‌ఈచ్, జాంగో టెంప్లేట్‌లో ఫర్ ట్యాగ్, రియాక్ట్‌లో మ్యాప్. వాల్యూ రాయడం మర్చిపోతే ఏమవుతుందో చూడండి: బ్రౌజర్ కనపడే మాటనే వాల్యూగా పంపుతుంది. ఫారం పని చేస్తున్నట్టే ఉంటుంది, డేటాబేస్‌లో మాత్రం పేర్లు చేరిపోతాయి. పైన చెప్పిన కుర్రాడి రికార్డులో "వరంగల్ అర్బన్" అని ఉండటానికి కారణం ఇదే.

ఎస్కేప్ చెయ్యడం గురించి. అంటే కోట్ల లాంటి గుర్తుల్ని బ్రౌజర్ కోడ్ అనుకోకుండా ఒట్టి అక్షరాలుగా చూపించేలా మార్చి రాయడం. జిల్లాల పేర్లలో గమ్మత్తైన గుర్తులేవీ లేవు కదా అని వదిలేస్తే, రేపు ఇదే లూప్‌ని కాపీ చేసి కాలేజీల జాబితాకి వాడతారు. కాలేజీ పేరులో డబుల్ కోట్ ఉంటే వాల్యూ సగంలో తెగిపోతుంది. "ఇతర కాలేజీ" అని విద్యార్థులు టైప్ చేసినవి కూడా జాబితాలోకి వస్తుంటే, ఎవరైనా పేరు బదులు స్క్రిప్ట్ ట్యాగ్ రాసి పంపవచ్చు. పీహెచ్‌పీలో హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్ ఫంక్షన్ వాడండి. 8.1 కంటే పాత వెర్షన్లలో అది సింగిల్ కోట్‌ని వదిలేస్తుంది, ఈఎన్‌టీ కోట్స్ అని విడిగా చెప్పాలి. జాంగో, రియాక్ట్ వాటంతటవే ఎస్కేప్ చేస్తాయి. ఇంకో మాట, ఎస్కేప్ చెయ్యాల్సింది పేజీలో రాసేటప్పుడే. డేటాబేస్‌లో పెట్టేటప్పుడు ఒకసారి, రాసేటప్పుడు ఒకసారి చేస్తే పేరు మధ్యలో పిచ్చి అక్షరాలు కనపడతాయి.

జావాస్క్రిప్ట్‌లో ఆప్షన్లు తయారుచేస్తుంటే స్ట్రింగులు కలిపి ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌లో పెట్టకండి. న్యూ ఆప్షన్ అనే కన్‌స్ట్రక్టర్ ఉంది, మొదట కనపడే మాట, తర్వాత వాల్యూ ఇస్తే చాలు. అది పేరుని ఒట్టి అక్షరాలుగానే చూస్తుంది కాబట్టి ఎస్కేప్ గొడవ ఉండదు. లూప్ లోపల ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌కి ప్లస్ ఈక్వల్‌తో కలుపుకుంటూ పోతే, ప్రతి ఆప్షన్‌కీ బ్రౌజర్ మొత్తం జాబితాని మళ్లీ మొదటి నుంచి కడుతుంది. 33కి తెలియదు, ఆరువందలకి పాత ఫోన్ మీద స్పష్టంగా తెలుస్తుంది.

రియాక్ట్‌లో ప్రతి ఆప్షన్‌కీ కీ అడుగుతుంది. అక్కడ వరుస సంఖ్య ఇవ్వకండి, టేబుల్ ఐడీనే ఇవ్వండి. ఎంపికైనది ఆప్షన్ మీద కాకుండా సెలెక్ట్ మీద వాల్యూగా చెప్పాలి.

4. మొదటి ఆప్షన్ ఖాళీగా ఉండాలి

"జిల్లా ఎంచుకోండి" అనే ఆప్షన్‌ని అలంకారం అనుకుని కొందరు తీసేస్తారు. అది లేకపోతే, అసలు ముట్టుకోనివాళ్లందరూ ఆదిలాబాద్ వాళ్లైపోతారు. దాని వాల్యూ ఖాళీగా ఉండాలి, సెలెక్ట్ ట్యాగ్ మీద రిక్వైర్డ్ ఉండాలి, ఈ ఆప్షన్ జాబితాలో మొట్టమొదట ఉండాలి. మూడూ ఉంటేనే బ్రౌజర్ "ఎంచుకోండి" అని ఆపుతుంది. వాల్యూగా 0 పెడితే ఆపదు, దాని లెక్కలో 0 కూడా ఒక జవాబే.

ఫీల్డ్ పేరు చెప్పాల్సిన పనిని ఈ ఆప్షన్ మీద పెట్టకండి. ఎంచుకోగానే అది మాయమవుతుంది, అప్పుడు ఆ డబ్బా దేనికో తెలియదు. పైన "జిల్లా" అని లేబుల్ వేరే ఉండాలి, దాని ఫర్, సెలెక్ట్ ఐడీ ఒకటే కావాలి. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి ఆ లేబులే ఆధారం.

5. సేవ్ అయినదాన్ని మళ్లీ చూపించడం

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

రెండు సందర్భాలు ఉంటాయి. ఒకటి, ఎడిట్ పేజీ. రెండోది, ఫారం పంపాక ఎక్కడో తప్పు ఉందని తిరిగి వచ్చినప్పుడు. ఆధార్ నంబర్‌లో ఒక అంకె తప్పితే జిల్లా, మండలం మళ్లీ మొదటి నుంచి ఎంచుకోమనడం చాలా అన్యాయం. మీసేవ కేంద్రంలో వరుసలో నిలబడ్డవాళ్లని తలుచుకోండి. అందుకని వరుస ఇలా ఉండాలి: ఇప్పుడే పంపినది ఉంటే అది, లేకపోతే డేటాబేస్‌లో ఉన్నది, అదీ లేకపోతే ఖాళీ.

తర్వాత పోలిక. ఫారం నుంచి వచ్చేది ఎప్పుడూ స్ట్రింగే. మీ ఐడీ నంబర్. జావాస్క్రిప్ట్‌లో మూడు ఈక్వల్స్‌తో పోలిస్తే నంబర్ 17, స్ట్రింగ్ 17 వేరువేరు, ఏ ఆప్షనూ ఎంపిక కాదు. రియాక్ట్‌లో కూడా ఇదే: ఈవెంట్ నుంచి వచ్చే వాల్యూ స్ట్రింగ్, జాబితాలో ఐడీ నంబర్, ఫైండ్ చేస్తే ఏమీ దొరకదు. పీహెచ్‌పీలో ఇంకో మెలిక ఉంది. అర్రే కీగా స్ట్రింగ్ 5 ఇస్తే అది తనంతట తనే నంబర్ 5 అయిపోతుంది, 05 ఇస్తే మాత్రం స్ట్రింగ్‌గానే ఉంటుంది. ఒకే జాబితాలో కొన్ని ఆప్షన్లు గుర్తుండి, కొన్ని గుర్తుండకపోతే ముందు ఇక్కడ వెతకండి. మందు తేలిక: పోల్చే ముందు రెండువైపులా స్ట్రింగ్‌గా మార్చి, మూడు ఈక్వల్స్‌తో పోల్చండి.

ఇక అసలు సంగతి: సేవ్ అయిన ఐడీ జాబితాలో లేకపోతే. జిల్లా రద్దయిందనో పేరు మారిందనో టేబుల్‌లోంచి వరుసని ఎప్పుడూ డిలీట్ చెయ్యకండి. "వాడుకలో ఉందా" అన్న కాలమ్‌ని లేదు అని మార్చండి, అంతే. కొత్త ఫారంలో వాడుకలో ఉన్నవే చూపించండి. ఎడిట్ ఫారంలో వాడుకలో ఉన్నవాటితో పాటు, ఈ మనిషికి సేవ్ అయి ఉన్నది పాతదైనా సరే దాన్ని కూడా చేర్చి, పేరు పక్కన "పాత జిల్లా" అని రాసి చూపించండి. ఆ ఒక్కటీ ఎంపికై ఉంటుంది కాబట్టి బ్రౌజర్ సొంతంగా మొదటిదాన్ని పట్టుకోదు. క్వెరీలో ఒక "లేదా" చేర్చడమే తేడా: వాడుకలో ఉన్నవి, లేదా ఐడీ ఇదైనవి.

జాంగోలో మోడల్ చాయిస్ ఫీల్డ్‌కి వాడుకలో ఉన్నవే ఇస్తే, పాత జిల్లా వాళ్లకి గీతల ఖాళీ ఆప్షన్ కనపడుతుంది. తప్పు జిల్లా సేవ్ అవడం కంటే అది నయమే. అయినా ఫోన్ నంబర్ మార్చుకోవడానికి వచ్చిన మనిషిని జిల్లా ఎంచుకోమని ఆపుతుంది. ఫారం తయారయ్యే చోటే క్వెరీసెట్‌కి ఆ పాతదాన్ని కలపండి.

పేరు మాత్రమే మారితే టేబుల్‌లో పేరు మారిస్తే చాలు, ఐడీ పట్టుకుని ఉన్న వేల రికార్డులూ వాటంతటవే కొత్త పేరు చూపిస్తాయి. కానీ 2021లో వరంగల్ దగ్గర పేర్లతో పాటు కొన్ని మండలాలు కూడా అటూ ఇటూ మారాయి. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు అర్బన్‌లో ఉండేవి, ఇప్పుడు వరంగల్ జిల్లాలోకి వచ్చాయి. పరకాల రూరల్‌లో ఉండేది, హనుమకొండలోకి వెళ్లింది. ఇలాంటప్పుడు "వరంగల్ అర్బన్ అన్నవాళ్లందరినీ హనుమకొండ చేసెయ్" అంటే ఖిలా వరంగల్ పిల్లలకి అన్యాయం జరుగుతుంది. పాత రెండు జిల్లాలనీ పాతవిగా ఉంచి, కొత్త రెండింటికీ కొత్త ఐడీలు ఇచ్చి, ప్రతి మనిషినీ మండలాన్ని బట్టి కొత్త జిల్లాలోకి మార్చాలి. "వరంగల్" అన్న పేరు ఒక్కటే, 2016కి ముందు పెద్ద ఉమ్మడి జిల్లా, 2021 తర్వాత ఇంకో జిల్లా. పేరుతో సేవ్ చేసుకున్నవాళ్లు ఏది ఏదో ఇప్పుడు చెప్పలేరు.

6. జిల్లా మారిస్తే మండలాలు మారాలి

రెండు రాష్ట్రాల మండలాలూ కలిపితే వెయ్యి దాటతాయి. అన్నీ ఒకే డ్రాప్‌డౌన్‌లో పెడితే ఎవరూ వెతకలేరు. జిల్లా ఎంచుకున్నాక ఆ జిల్లా మండలాలే రావాలి.

డేటా ఎలా పంపాలన్నది ముందు తేల్చుకోండి. ఒక్క తెలంగాణ మండలాలే అయితే పేజీలోనే జేసన్‌గా (జావాస్క్రిప్ట్ తేలిగ్గా చదవగలిగే టెక్స్ట్ రూపంలో) పెట్టేయమంటాను. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో 3 బైట్లు, ఆరువందల పేర్లు ఐడీలతో కలిపి 30, 40 కేబీలు, కంప్రెస్ అయితే ఇంకా తక్కువ. జిల్లా మార్చగానే ఆలస్యం లేకుండా మండలాలు వస్తాయి, నెట్ పోయినా పని చేస్తుంది. పీహెచ్‌పీ జేసన్ ఎన్‌కోడ్ మామూలుగా ఒక్కో తెలుగు అక్షరాన్నీ 6 అక్షరాల యూనికోడ్ సంఖ్యగా రాస్తుంది, సైజు దాదాపు రెట్టింపవుతుంది. అన్‌ఎస్కేప్డ్ యూనికోడ్ అనే ఆప్షన్ ఇవ్వండి. గ్రామాల దాకా వెళ్తే వేలల్లోకి పోతుంది, అప్పుడు మాత్రం ఫెచ్ చేసి, అంటే జిల్లా ఎంచుకున్నాక సర్వర్‌ని అడిగి, తెచ్చుకోవాలి.

మండలాలు నింపే ఫంక్షన్ ఒక్కటే రాయండి. జిల్లా ఐడీ, ఎంపిక కావాల్సిన మండలం ఐడీ, రెండూ దానికి ఇవ్వాలి. అది చేసే పని: మండలం డ్రాప్‌డౌన్ ఖాళీ చెయ్యడం, "మండలం ఎంచుకోండి" చేర్చడం, ఆ జిల్లా మండలాలు చేర్చడం, ఇచ్చిన మండలం ఉంటే ఎంపిక చెయ్యడం. జిల్లా మారినప్పుడు రెండోది ఖాళీగా పిలుస్తాం, ఎడిట్ పేజీ తెరిచినప్పుడు సేవ్ అయిన మండలంతో పిలుస్తాం. ఈ రెండింటికీ వేరే వేరే కోడ్ రాస్తే నెలలో ఒకదానికొకటి పొంతన లేకుండా పోతాయి.

పేజీ తెరవగానే జిల్లా డబ్బాలో ఏముందో చూసి ఒకసారి ఈ ఫంక్షన్‌ని పిలవడం మరవకండి. ఫైర్‌ఫాక్స్ పేజీ రీలోడ్ చేసినా ముందు ఎంచుకున్న జిల్లాని గుర్తుపెట్టుకుంటుంది. జిల్లా హనుమకొండ అని ఉంటుంది, మండలాలు మాత్రం ఖాళీగా ఉంటాయి. వాడేవాళ్లు జిల్లా వేరేదానికి మార్చి మళ్లీ వెనక్కి తెచ్చుకుంటే తప్ప మండలం రాదు, వాళ్లకి ఆ చిట్కా ఎవరు చెప్తారు?

ఫెచ్ వాడేవాళ్లకి ఒక ప్రమాదం ఉంది. హనుమకొండ ఎంచుకుని, అయ్యో కాదని వెంటనే వరంగల్‌కి మార్చారు. రెండు రిక్వెస్టులు వెళ్లాయి. నెట్ సరిగా లేక వరంగల్ జవాబు ముందొచ్చి, హనుమకొండ జవాబు తర్వాత వచ్చింది. ఇప్పుడు జిల్లా వరంగల్ అని ఉంటుంది, కింద కాజీపేట, హసన్‌పర్తి, ధర్మసాగర్ కనపడతాయి. కొత్త రిక్వెస్ట్ పంపే ముందు పాతదాన్ని అబార్ట్ కంట్రోలర్‌తో ఆపేయండి. అది కష్టం అనిపిస్తే, జవాబు వచ్చాక "ఇది ఇప్పుడు ఎంపికై ఉన్న జిల్లాదేనా" అని ఒక్కసారి చూసి, కాకపోతే పారేయండి. మండలాలు వచ్చేదాకా డ్రాప్‌డౌన్‌ని డిజేబుల్ చెయ్యొచ్చు, వచ్చాక తెరవడం మాత్రం మర్చిపోవద్దు. డిజేబుల్ అయి ఉన్న ఫీల్డ్‌ని బ్రౌజర్ సర్వర్‌కి పంపనే పంపదు.

7. సర్వర్ మళ్లీ అడగాలి

డ్రాప్‌డౌన్‌లో ఇచ్చినవే వస్తాయని నమ్మకండి. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి వాల్యూని 17 నుంచి 9999 చెయ్యడానికి అర నిమిషం చాలు. పంపిన జిల్లా ఐడీ టేబుల్‌లో ఉందా, వాడుకలో ఉందా, మండలం ఆ జిల్లాలోదేనా అని సర్వర్ చూడాలి. చివరిదానికి ఒకే క్వెరీ: మండలం ఐడీ ఇది, జిల్లా ఐడీ ఇది అయిన వరుస ఉందా? ఎడిట్‌లో పాత జిల్లాని మార్చకుండా తిరిగి పంపితే ఒప్పుకోవాలి, కొత్తగా పాతదాన్ని ఎంచుకుంటే ఒప్పుకోకూడదు. పీహెచ్‌పీలో ఇన్ అర్రే (జాబితాలో ఉందా అని చూసే ఫంక్షన్) వాడితే మూడో ఆర్గ్యుమెంట్ ట్రూ ఇవ్వండి, రెండువైపులా ఒకే టైప్ చేసుకుని.

జాంగో చాయిస్ ఫీల్డులు జాబితాలో లేనివాటిని వాటంతటవే తిప్పి పంపుతాయి. మండలం జిల్లాకి చెందినదా అన్నది మాత్రం క్లీన్ మెథడ్‌లో మీరే రాయాలి.

8. డ్రాప్‌డౌనే కావాలా?

నాలుగైదు ఎంపికలైతే రేడియో బటన్లు పెట్టండి, అన్నీ ఒకేసారి కళ్లముందు ఉంటాయి. లూప్ అదే. నేమ్ అన్నిటికీ ఒకటే, ఐడీ మాత్రం ఒక్కోదానికీ వేరు, లేకపోతే లేబుల్ నొక్కితే ఇంకో బటన్ ఎంపికవుతుంది. చెక్‌బాక్సులైతే పీహెచ్‌పీలో నేమ్ చివర చదరపు బ్రాకెట్లు ఉండాలి, లేకపోతే ఐదు టిక్ చేసినా చివరిదొక్కటే అందుతుంది. ఒక్కటీ టిక్ చెయ్యకపోతే ఆ ఫీల్డే రాదు, అప్పుడు ఖాళీ జాబితాగా లెక్కపెట్టుకోవాలి.

జాబితా నలభై యాభై దాటితే టైప్ చేసి వెతికే డబ్బా మంచిది. మామూలు డ్రాప్‌డౌన్‌లో కీబోర్డ్ మీద ఒక అక్షరం నొక్కితే ఆ అక్షరంతో మొదలయ్యేదానికి వెళ్తుంది. పేర్లు తెలుగులో ఉంటే, ఎక్కువమంది కీబోర్డ్ ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి అది పని చెయ్యదు. అందుకే టేబుల్‌లో ఇంగ్లిష్ పేరు కూడా పెట్టుకోమన్నాను. తెలుగులోనే హనుమకొండ, హన్మకొండ, నల్గొండ, నల్లగొండ అని రెండు రకాలుగా రాస్తారు. వెతికేటప్పుడు అన్నీ దొరకాలి, చూపించేది ఒకటే. డేటాలిస్ట్ (టైప్ చేస్తుంటే సూచనలు చూపించే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్) సులువుగా ఉంటుంది కానీ దాంట్లో ఏదైనా టైప్ చెయ్యనిస్తుంది, పంపేది కూడా ఐడీ కాకుండా టెక్స్ట్ డబ్బాలో ఉన్న మాటనే. జిల్లాలకి వాడొద్దని నా సలహా.

క్రమానికి జావాస్క్రిప్ట్ మామూలు సార్ట్ మీద ఆధారపడకండి, అది యూనికోడ్ సంఖ్యల్ని బట్టి పేరుస్తుంది. భాషని బట్టి పేర్చే ఇంటల్ కొలేటర్ జావాస్క్రిప్ట్‌లోనే ఉంది, దానికి తెలుగు అని చెప్పి పేర్చండి. "ఇతరములు" లాంటిది ఉంటే క్రమం కాలమ్‌తో చివరికి నెట్టండి.

కనపడే తీరు కూడా తెలుగులో కొంచెం వేరు. ఇంగ్లిష్‌కి సరిపోయే ఎత్తు పెడితే "భూపాలపల్లి"లో ల వత్తు, "యాదాద్రి"లో రావత్తు కింద తెగిపోతాయి. సెలెక్ట్‌కి ఎత్తు గట్టిగా కట్టేయకుండా లైన్ హైట్, ప్యాడింగ్ ఇవ్వండి. అక్షరం సైజు కనీసం 16 పిక్సెల్స్ ఉంచండి, అంతకంటే చిన్నదైతే ఐఫోన్ సఫారీ ఫీల్డ్ ముట్టుకోగానే పేజీని జూమ్ చేసేస్తుంది. "కుమురం భీం ఆసిఫాబాద్" ఫోన్ స్క్రీన్ మీద పడుతుందో లేదో చూడండి. అది పడితే మిగతావన్నీ పడతాయి.

9. ఇచ్చే ముందు

ఒక జిల్లాని వాడుకలో లేదని మార్చి, ఆ జిల్లా మనిషి ఎడిట్ పేజీ తెరిచి, ఏమీ ముట్టుకోకుండా సేవ్ నొక్కండి. డేటాబేస్‌లో జిల్లా ముందు ఏముందో అదే ఉండాలి. నేను ఆ రోజుల్లో ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే ఆ ఫోన్ వచ్చేది కాదు. తర్వాత కావాలని ఒక తప్పు చేసి ఫారం పంపి, జిల్లా, మండలం నిలిచాయో లేదో చూడండి. నెట్‌ని నెమ్మదిగా పెట్టి జిల్లాలు గబగబా మార్చండి. వాల్యూని చేత్తో మార్చి పంపి సర్వర్ తిప్పి పంపుతుందో లేదో చూడండి. ఒక పేరులో డబుల్ కోట్ పెట్టి చూడండి.

ఆ స్కాలర్‌షిప్ రికార్డుల్ని సరిచెయ్యడానికి మాకు దొరికిన దారి మండలమే. ఆ పాత ఫారంలో మండలం ఒట్టి టెక్స్ట్ డబ్బా, అందుకని అది మారలేదు. కుర్రాడి రికార్డులో జిల్లా ఆదిలాబాద్, మండలం కాజీపేట అని ఉంది. మండలం చెప్పే జిల్లా ఒకటి, రికార్డులో ఉన్న జిల్లా ఇంకొకటి అయిన వరుసలన్నీ తీసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగి మార్చాం. ఆ క్వెరీని ఇప్పుడు నేను కట్టే ప్రతి ఫారం వెనకా రాత్రిపూట నడిచేలా పెడుతున్నాను. ఒక్క వరుస వచ్చినా పొద్దున్నే మెయిల్‌లో ఉంటుంది.